74,000 మైళ్ళు తిరిగిన 2006 కేమన్ ఎస్‌కు 27,500 డాలర్లు పెట్టవచ్చునా?

ప్రశ్న (ఫ్రిస్కో నుంచి)

మిత్రులందరికీ నమస్కారం. పదేళ్ళుగా మనసులో ఉన్న ఒక కోరికను ఈ ఏడాది తీర్చుకోగల స్థితికి వచ్చాను. అయితే ఇంత సొమ్ము పెట్టి పాత కారు కొనడం నాకు ఇదే మొదటిసారి కాబట్టి, ఈ కార్లను స్వయంగా వాడినవారి సలహా కోసం రాస్తున్నాను.

నేను చూసింది 2006 మోడల్ పోర్షే కేమన్ ఎస్. 3.4 లీటర్ల ఇంజన్, ఆరు గేర్ల మాన్యువల్, ముదురు బూడిద రంగు. హ్యూస్టన్ శివారులో ఒక పెద్దాయన అమ్ముతున్నారు, ఆయన మూడో యజమాని. కారు ఇప్పటికి 74,000 మైళ్ళు తిరిగింది. ఆయన అడుగుతున్నది 27,500 డాలర్లు. వాహన చరిత్ర నివేదికలో ప్రమాదాలేవీ లేవు. మొదటి తొమ్మిదేళ్ళు ఇల్లినాయిలో ఉండి, 2015లో టెక్సాస్‌కు వచ్చినట్లు అందులో ఉంది. సర్వీసు కాగితాలు గడిచిన అయిదేళ్ళవి మాత్రమే ఉన్నాయి, వాటిలో కూడా ఆయిల్ మార్పులు, ఒక బ్యాటరీ, ఒకసారి వేసిన బ్రేక్ ప్యాడ్లు తప్ప మరేమీ కనబడలేదు. కారు మాత్రం అద్దంలా ఉంది. లోపలి తోలు సీట్లు చెక్కుచెదరలేదు, పెయింటు మీద ఒక్క గీత లేదు. ఆయన దాన్ని ప్రేమగా చూసుకున్నారనడంలో నాకు సందేహం లేదు.

పోల్చి చూడడానికి నాకు దొరికిన మరో కారు కూడా 2006 కేమన్ ఎస్సే, మాన్యువలే, శాన్ ఆంటోనియోలో ఉంది. అది 98,000 మైళ్ళు తిరిగింది, ధర 21,800. దాని ముందు బంపరు మీద రాళ్ళు తగిలిన మచ్చలు చాలా ఉన్నాయి, డ్రైవర్ సీటు అంచు అరిగిపోయింది. ఫొటోలు చూసినప్పుడే నా భార్యకు అది నచ్చలేదు. ఈ రెంటి మధ్య 5,700 డాలర్ల తేడా ఉంది. 24,000 మైళ్ళు తక్కువ తిరిగినందుకు, అంత శుభ్రంగా ఉన్నందుకు ఆ తేడా న్యాయమైనదేనా?

ఈ ఇంజన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ (ఇంజన్ లోపల కవాటాలను నడిపే గొలుసులను తిప్పే ఇరుసు) బేరింగ్ విరిగిపోతుందని చదివినప్పటి నుంచి భయంగా ఉంది. అమ్మే ఆయనను అడిగితే, 2006 మోడల్‌కు ఆ సమస్య లేదని ఒక్క మాటలో తేల్చేశారు. ఇంజన్ చూద్దామంటే కేమన్‌లో అది సీట్ల వెనక, మూతల కింద ఉండి కంటికే కనబడదు. కొత్తగా ఉన్నప్పుడు దీని ప్రారంభ ధర 58,900 డాలర్లట. ఇప్పుడు అందులో సగానికి కొంచెం తక్కువే అడుగుతున్నారని తృప్తిపడాలో, దాదాపు ఇరవై ఏళ్ళ కారుకు ఇంత ఎందుకని వెనక్కి తగ్గాలో తేల్చుకోలేకపోతున్నాను. నా దగ్గర మొత్తం 30,000 ఉంది, అంతకు మించి పెట్టలేను.

జవాబు (ఆస్టిన్ నుంచి)

నేను ఇదే తరం బాక్‌స్టర్‌ను (కేమన్‌కు తోబుట్టువైన, పైకప్పు తెరుచుకునే పోర్షేను) ఏడేళ్ళుగా నడుపుతున్నాను. కాబట్టి ఈ కార్ల మీద ఎంత ఖర్చవుతుందో నా బ్యాంకు ఖాతాకు బాగా తెలుసు. మీ ప్రశ్నలో నాకు మొదట కనబడిన విషయం ఏమిటంటే, మీరు ఒక అడిగే ధరను మరో అడిగే ధరతో పోలుస్తున్నారు. అడగడానికి ఎవరైనా ఎంతైనా అడుగుతారు. నిజంగా అమ్ముడుపోయిన ధరలు తెలుసుకోవాలంటే ఆన్‌లైన్ వేలంపాటల పాత ఫలితాలు చూడాలి. బ్రింగ్ ఎ ట్రైలర్ వంటి చోట్ల ప్రతి కారూ చివరికి ఎంతకు పోయిందో తేదీతో సహా ఉంటుంది, కింద కొనుగోలుదారులు వేసిన ప్రశ్నలు కూడా ఉంటాయి. గత పన్నెండు నెలల్లో అమ్ముడైన 2006, 2007, 2008 కేమన్ ఎస్ మాన్యువల్ కార్లను మాత్రం ఏరుకుని, వాటి మైళ్ళు, ధర, చేయించిన పనులు ఒక కాగితం మీద రాసుకోండి. పదిహేను కార్లు రాసేసరికి మీకే ఒక అంచనా దొరుకుతుంది. పాట కనీస ధరను చేరక అమ్ముడుపోని కార్లను కూడా వదలకుండా రాయండి, ఎందుకంటే జనం ఎక్కడ ఆగిపోతున్నారో చెప్పేవి అవే.

ఇక ఆ 5,700 డాలర్ల సంగతి. మైలుకు లెక్కకడితే దాదాపు 24 సెంట్లు అవుతుంది. తక్కువ తిరిగిన మైళ్ళకు ఆ ధర కట్టడంలో తప్పు లేదు. కానీ ఆ మైళ్ళతో పాటు చేయించని పనులను కూడా మీరు కొంటున్నారు. 74,000 మైళ్ళ కారులో క్లచ్ కంపెనీ వేసిందే అయితే దాని ఆయుష్షు ముగింపుకు వస్తున్నట్లే. బయటి మెకానిక్ దగ్గర, ఇంజన్ వెనక సీలుతో కలిపి మార్పించినా 3,500 డాలర్ల దాకా అవుతుంది. వాటర్ పంప్ కూడా పాతదే అయితే దాని లోపలి ప్లాస్టిక్ రెక్కలు విరిగి ముక్కలు కూలెంట్ దారుల్లోకి వెళ్ళకముందే మార్చాలి, దానికి వెయ్యి. టైర్ల పక్కగోడ మీద నాలుగంకెల తేదీ చూడండి. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ట్రెడ్ ఎంత మిగిలి ఉన్నా ఆరేడేళ్ళు దాటిన రబ్బరు ఇలాంటి కారుకు పనికిరాదు, కాబట్టి మరో 1,300. స్పార్క్ ప్లగ్గులు, కాయిళ్ళు కలిపి 600. కూలెంట్, బ్రేక్ ద్రవం మార్చడానికి 400. ఇవన్నీ ఆ కారుకు బాకీ ఉన్న పక్షంలో మొత్తం 6,800 అవుతుంది. అంటే మీరు కొంటున్నది 27,500 డాలర్ల కారు కాదు, 34,300 డాలర్ల కారు, అది మీ దగ్గర ఉన్న సొమ్మును ఎప్పుడో దాటిపోయింది.

శాన్ ఆంటోనియో కారుకు ఈ పనుల్లో ఎన్ని ఇప్పటికే జరిగాయో మీరు రాయలేదు. ఆ కాగితాలు తెప్పించుకుని ఇదే లెక్క దానికీ వేయండి. రాళ్ళ మచ్చలను నేను దోషంగా చూడను, కారు రోడ్డు మీద తిరిగిందనడానికి అవి గుర్తులు. ఈ కార్లు గ్యారేజీలో ఏడాదికి రెండు వేల మైళ్ళు కూడా తిరగక నిలిచిపోతే రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోయే అవకాశం ఉండదు.

అదనపు సౌకర్యాలకు ఎక్కువ విలువ కట్టకండి. స్పోర్ట్ క్రోనో (కారు స్పందనను చురుకుగా మార్చే అమరిక), పెద్ద చక్రాలు, మెమరీ సీట్లు కొత్తలో వేల డాలర్లు పలికినా, ఇప్పుడు అవి కారు త్వరగా అమ్ముడుపోవడానికి పనికొస్తాయి తప్ప ధరను పెద్దగా పెంచవు. ఏయే సౌకర్యాలతో ఫ్యాక్టరీ నుంచి వచ్చిందో ముందు డిక్కీ మూత లోపలి వైపు అంటించిన కాగితం మీద సంకేతాలుగా ఉంటుంది. ఆ కాగితం లేకపోతే, ఆ మూత ఎందుకు మార్చవలసి వచ్చిందో అడగండి.

జవాబు (కేటీ నుంచి)

నేను పన్నెండేళ్ళు ఒక జర్మన్ కార్ల వర్క్‌షాపులో పనిచేశాను. ఈ ఇంజన్లను విప్పి బిగించిన అనుభవంతో రాస్తున్నాను, కాస్త పొడుగైనా ఓపిక పట్టండి.

ముందుగా మీ భయం సంగతి. ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ సమస్య నిజమైనదే. కానీ అది ప్రధానంగా 2005 దాకా వచ్చిన మోడళ్ళది. అమెరికాలో నడిచి రాజీతో ముగిసిన సామూహిక దావా కూడా 2001 నుంచి 2005 దాకా వచ్చిన మోడళ్ళలోని కొన్ని కార్ల గురించే. 2006 నుంచి పెద్ద సైజు బేరింగ్ వేశారు. ఇంజన్‌ను రెండుగా విప్పితే తప్ప దాన్ని మార్చడం కుదరదు, అయితే అది విరగడం కూడా అరుదు. క్లచ్ పని చేయించేటప్పుడు ఆ బేరింగ్ మీది సీలు తీయించేస్తే ఇంజన్ ఆయిలే దాన్ని తడుపుతూ ఉంటుంది. అంటే అమ్మే ఆయన చెప్పినది ఇంచుమించు నిజమే. అయితే ఆయన చెప్పనిది మరొకటి ఉంది, నా దృష్టిలో ఈ కారు ధరను నిర్ణయించేది అదే.

అది సిలిండర్ల లోపలి గోడలు గీసుకుపోవడం. ఈ ఇంజన్ సిలిండర్ల గోడలు ఇనుప తొడుగులు కావు. అల్యూమినియంలో సిలికాన్ కణాలను కలిపి పోత పోసిన ఉపరితలం అది. ఆ కణాలు ఊడడం మొదలైతే పిస్టన్ పక్కభాగం మీది పూత అరిగి, లోహం లోహాన్ని గీస్తుంది. 3.4 లీటర్ల కేమన్ ఎస్, అదే కాలపు 3.6, 3.8 లీటర్ల పోర్షే 911 ఇంజన్లలో ఇది ఎక్కువగా చూశాం. 2.7 లీటర్ల చిన్న ఇంజన్‌లో చాలా తక్కువ. 4, 5, 6 నంబర్ల సిలిండర్లున్న వైపే ముందుగా దెబ్బతింటుంది. చలి ప్రాంతాల్లో, ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేసే చిన్న చిన్న ప్రయాణాలు చేసిన కార్లకు ఇది తొందరగా వస్తుందని మా వృత్తిలో అందరూ ఒప్పుకునే మాట. మీ కారు మొదటి తొమ్మిది చలికాలాలు ఇల్లినాయిలో గడిపింది. నివేదికలో ప్రమాదాలు లేవన్న వాక్యం కంటే ఆ ఒక్క వాక్యమే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది.

దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు, కానీ సరైన పద్ధతిలో చూడాలి. కంప్రెషన్ పరీక్షలో గీతలు పడిన ఇంజన్ కూడా మంచి అంకెలే చూపించవచ్చు, ఎందుకంటే పిస్టన్ రింగులు ఇంకా గాలిని ఆపుతూనే ఉంటాయి. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి కెమెరా పెడితే గోడ పైభాగం మాత్రమే బాగా కనబడుతుంది, గీతలు తరచుగా కింది భాగంలో మొదలవుతాయి. అందువల్ల ఆయిల్ దించి, ఇంజన్ కింది పళ్ళెం విప్పి, పిస్టన్‌ను పైకి జరిపి కింది నుంచి ఒక్కో సిలిండర్‌ను బోర్‌స్కోప్‌తో (సన్నటి గొట్టపు కెమెరాతో) చూడాలి. అదే పనిలో పళ్ళెం అడుగున ఏమి పేరుకున్నదో కూడా కనబడుతుంది. గోధుమ రంగు ప్లాస్టిక్ తునకలుంటే చైన్ గైడ్లు (గొలుసులను దారిలో ఉంచే పట్టీలు) అరుగుతున్నాయని, మెరిసే లోహపు పొట్టు ఉంటే అంతకంటే పెద్ద పని ముందుందని అర్థం. ఆయిల్ ఫిల్టర్ మడతలు విప్పి చూపించమని కూడా అడగండి. ఈ మొత్తం తనిఖీకి 500 నుంచి 700 డాలర్లు తీసుకుంటారు. ఇంజన్ పాడయితే బాగు చేయించడానికి 20,000 డాలర్లు దాటడం మామూలే.

తనిఖీ చేసే చోటు మీరు ఎంచుకున్నదై ఉండాలి. అమ్మే ఆయన ఇన్నాళ్ళూ పని చేయించుకున్న మెకానిక్ ఎంత నిజాయతీపరుడైనా, తాను చేసిన పనిని తానే తప్పుపట్టవలసిన ఇబ్బందిలో అతణ్ణి పెట్టకూడదు.

అదే వర్క్‌షాపులో ఇంజన్ కంప్యూటర్‌లోని లెక్కలు ముద్రించి ఇమ్మనండి. ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో అందులో ఉంటుంది. మైళ్ళను ఆ గంటలతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. ముప్ఫై మైళ్ళ చుట్టుపక్కల వస్తే ఓడోమీటర్ మీద నాకు అనుమానం రాదు. పదిహేనో ఇరవయ్యో వస్తే, ఆ కారు ఎప్పుడూ నగరం ట్రాఫిక్‌లోనే తిరిగిందో, లేక అంకెలు వెనక్కి తిప్పారో తేల్చుకోవాలి. ఇంజన్ వేగం పరిమితి దాటిన సందర్భాలు ఆరు శ్రేణులుగా నమోదవుతాయి. మొదటి రెండు శ్రేణుల్లో వేల అంకెలున్నా కంగారు పడనక్కర లేదు. నాలుగు, అయిదు, ఆరు శ్రేణుల్లో అంకెలుంటే ఎవరో పై గేరుకు బదులు కింది గేరు వేశారని అర్థం, అది ఎన్ని గంటల క్రితం జరిగిందో కూడా అందులోనే తెలుస్తుంది.

మీరు స్వయంగా చేయగలిగింది ఒకటుంది. మా తాతగారు సంతలో ఎడ్లను కొనేటప్పుడు బేరం ఎత్తకముందే నోరు తెరిచి పళ్ళు చూసి, కాడి కట్టించి పొలం గట్టు దాకా నడిపించి చూసేవారు. అప్పటికే నడిపించి తెచ్చిన ఎద్దును ముట్టుకునేవారు కాదు, కుంటు ఉన్నా ఆ వేడిలో తెలియదని. ఈ కారు కూడా అంతే. మీరు వెళ్ళేసరికి ఇంజన్ రాత్రంతా ఆగి చల్లగా ఉండాలి. స్టార్ట్ చేసిన వెంటనే కారు వెనక నిలబడి వినండి. ఇంజన్ వేగంతో పాటు పెరిగే టిక్కు టిక్కు శబ్దం వేడెక్కిన తర్వాత కూడా పోకపోతే మంచిది కాదు. తెల్లటి పొగ దట్టంగా, ఆగకుండా వస్తే ఆయిల్ ఆవిరిని వేరుచేసే భాగం పాడయి ఉంటుంది, అది మార్చదగినదే. 911 కారులో రెండు వైపులా పొగగొట్టాలుంటాయి కాబట్టి ఏ వైపు మసి ఎక్కువ పట్టిందో చూసి దెబ్బతిన్న వైపును ఊహించవచ్చు. కేమన్‌లో రెండూ మధ్యలోనే ఉంటాయి, ఆ ఆధారం దొరకదు. చల్లగా ఉన్నప్పుడే మూడో గేరు నుంచి రెండో గేరుకు దించి చూడండి, గరగరమంటే గేర్‌బాక్స్ లోపలి పళ్ళచక్రాలను కలిపే రింగు అరిగిందన్నమాట. ఈ కారులో ఆయిల్ చూసే కడ్డీ లేదు, తెర మీద కనబడే గీతలే ఆధారం. అందుకని ఒక మార్పుకూ మరో మార్పుకూ మధ్య ఎంత ఆయిల్ పోస్తున్నారని మామూలు మాటల్లో అడగండి, జవాబు చెప్పడానికి ముందు ఆయన ఎంతసేపు ఆలోచిస్తారో గమనించండి.

జవాబు (హ్యూస్టన్ నుంచి)

ఇంజన్ గురించి పై మిత్రులు చెప్పిన తర్వాత నేను చేర్చవలసింది ఏమీ లేదు. అయితే ఈ కారు 2015లో టెక్సాస్‌కు వచ్చి, ఇప్పుడు మా ఊరి శివారులోనే ఉందంటున్నారు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. 2017 ఆగస్టులో హార్వే తుఫాను వచ్చినప్పుడు ఇక్కడ కార్లు లెక్కలేనన్ని నీట మునిగాయి. బీమా కంపెనీ పూర్తి నష్టంగా తేల్చిన కారు టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఆ ముద్ర పడుతుంది. కానీ యజమానికి వరద నష్టాన్ని భరించే బీమా లేకపోయినా, ఆయన క్లెయిమ్ పెట్టకుండా సొంతంగా ఆరబెట్టించి బాగు చేయించుకున్నా ఏ నివేదికలోనూ అది ఎక్కదు. శుభ్రమైన నివేదిక అంటే తమకు ఎవరూ ఏమీ తెలియజేయలేదని మాత్రమే.

కాబట్టి సీటు బెల్టును చివరిదాకా లాగి లోపలి భాగంలో బురద చార ఉందేమో చూడండి. సీట్ల కింది పట్టాల బోల్టులకు తుప్పు పట్టిందా, కార్పెట్ ఎత్తితే కింది మెత్తటి పొర గట్టిపడి ఉందా, సీటు కింది వైర్ల కనెక్టర్లలో ఆకుపచ్చ చిలుము ఉందా అన్నవి పది నిమిషాల్లో తెలుస్తాయి. వాహన గుర్తింపు సంఖ్య పదిహేడు అక్షరాలూ టైటిల్ మీద, ముందు అద్దం మూలన, తలుపు దగ్గర ఒకటిగానే ఉన్నాయా అని పోల్చండి. ఈ తరం కేమన్లు ఫిన్లండ్‌లోని ఊసికాపుంకి (Uusikaupunki) అనే ఊళ్ళో వాల్మెట్ ఫ్యాక్టరీలో తయారయ్యాయి, అందుకే పదకొండో స్థానంలో ఆ ఊరి పేరును సూచించే యూ అక్షరం ఉంటుంది.

2025 జనవరి నుంచి టెక్సాస్‌లో సొంత కార్లకు భద్రతా తనిఖీ తీసేశారు గానీ, మీ కాలిన్ కౌంటీలో పొగ పరీక్ష ఇంకా ఉంది. హెచ్చరిక దీపం వెలగకుండా కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చెరిపేసి చూపించే అలవాటు కొందరికి ఉంది. అలా చెరిపితే కంప్యూటర్ స్వీయ పరీక్షలన్నీ అసంపూర్తిగా కనబడతాయి. కారు కంప్యూటర్‌ను చదివే ఇరవై ముప్ఫై డాలర్ల ఓబీడీ పరికరం తీసుకెళ్ళి అవన్నీ పూర్తయి ఉన్నాయో లేదో అక్కడికక్కడే చూసుకోండి. పన్ను 6.25 శాతాన్ని కూడా మీ లెక్కలో కలపండి. 27,500 మీద అది దాదాపు 1,719 డాలర్లు.

జవాబు (న్యూజెర్సీ నుంచి)

అందరూ ఈ రెండు కార్లలో ఏది అన్న ప్రశ్నకే జవాబు చెబుతున్నారు. నాకు మాత్రం ఆ ప్రశ్నే సరైనది కాదనిపిస్తోంది. 2009లో ఈ కారుకు పూర్తిగా కొత్త ఇంజన్ వచ్చింది. అందులో ఇంటర్మీడియట్ షాఫ్టే లేదు, సిలిండర్ గోడల తయారీ పద్ధతి కూడా వేరు. కేమన్ ఎస్ శక్తి 295 నుంచి 320 హార్స్‌పవర్‌కు పెరిగింది. వాటి ధర ఎక్కువే, కానీ మీరు మరో ఏడాది ఆగి సొమ్ము కూడబెట్టుకుంటే నిద్రపట్టే కారు దొరుకుతుంది. ఆగలేనంటే 2007, 2008లలో వచ్చిన మామూలు 2.7 లీటర్ల కేమన్ చూడండి. 245 హార్స్‌పవర్, అయిదు గేర్లు. మన రోడ్ల మీద అంతకు మించి వాడుకునే చోటు ఎక్కడుంది? పేరు చివర ఎస్ అక్షరం లేనందుకు జనం తక్కువ ధర కడతారు, ఇంజన్ మాత్రం ఎక్కువ కాలం బతుకుతుంది. నేను అలాంటిదే కొన్నాను, నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా చింతించలేదు.

ప్రశ్న వేసిన వ్యక్తి నుంచి (పన్నెండు రోజుల తర్వాత)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ చేశాను, ఏమి తేలిందో వివరంగా రాస్తున్నాను.

కింది పళ్ళెం విప్పించే తనిఖీ అనగానే అమ్మే పెద్దాయన మొదట నొచ్చుకున్నారు. ఇంత బాగా ఉన్న కారును విప్పడమెందుకన్నారు. తనిఖీ ఖర్చు, కొత్త ఆయిల్, ఫిల్టర్ ఖర్చు అన్నీ నావేనని చెప్పిన తర్వాత ఒప్పుకున్నారు. హ్యూస్టన్‌లోనే ఆయనకు పరిచయం లేని ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్ళాం, 640 డాలర్లు అయింది.

వరద జాడలు ఎక్కడా లేవు. ఇంజన్ నడిచిన గంటలు 2,310, అంటే సగటు వేగం 32 మైళ్ళు. పరిమితి దాటిన శ్రేణుల్లో నాలుగు నుంచి పైన సున్నా. కంప్రెషన్ ఆరు సిలిండర్లలోనూ దాదాపు సమానం. ఇంతవరకు విని నేను సంతోషపడ్డాను. బోర్‌స్కోప్ చిత్రాలు చూపించినప్పుడు మాత్రం మెకానిక్ స్వరం మారింది. 1 నుంచి 4 దాకా శుభ్రంగా ఉన్నాయి. 5వ సిలిండర్‌లో సన్నటి నిలువు గీతలు కనబడ్డాయి. 6వ దానిలో కింది భాగాన గోరు వెడల్పున నల్లటి చార ఉంది. అది ఇంకా చాలా కాలం నడవవచ్చు, నడవకపోనూవచ్చు, ఎంతకాలమో తాను చెప్పలేనని ఆయన అన్నారు. టైర్ల మీద తేదీ 3116, అంటే 2016 సంవత్సరంలో 31వ వారం. క్లచ్, వాటర్ పంప్ రెండూ మొదటివే.

చిత్రాలు చూసి పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకు నిజంగా తెలియదనే నా నమ్మకం. ఆ సాయంత్రం ఫోన్ చేసి 24,000కు ఇస్తానన్నారు. మూడున్నర వేలు తగ్గించారు కదా, తీసుకోవచ్చునా అని మనసు ఇంకా లాగుతోంది.

ఇక శాన్ ఆంటోనియో కారు యజమాని సర్వీసు కాగితాలన్నీ స్కాన్ చేసి పంపారు. అది మొదటి నుంచి అరిజోనా, టెక్సాస్‌లలోనే ఉంది. 81,000 మైళ్ళ దగ్గర క్లచ్, వెనక సీలు, వాటర్ పంప్ ఒకేసారి మార్చారు. టైర్లు 2022వి. ప్రతి అయిదు వేల మైళ్ళకు ఆయిల్ మార్చిన రశీదులున్నాయి. ముందు సస్పెన్షన్ చేతులు శబ్దం చేస్తున్నాయనీ, ఆయిల్ ఆవిరిని వేరుచేసే భాగం మొదటిదేననీ ఆయనే రాశారు.

జవాబు (కేటీ నుంచి)

మీరు ఆ 640 డాలర్లు వృథా అయ్యాయని అనుకోకండి. 24,000 అన్నది గీతలు పడని ఇంజనున్న కారుకు ఇచ్చే ధర. 6వ సిలిండర్‌లో నల్లటి చార కనబడిన తర్వాత దాని ధర వేరే పద్ధతిలో లెక్కకట్టాలి. ఆయన అడుగుతున్న 24,000, మీరు తప్పక చేయించవలసిన 6,800 కలిపి 30,800. దాని మీద ఇంజన్ బాగు చేయించే 20,000 ఎప్పుడో ఒకనాడు వచ్చి చేరుతుంది. ఆ రోజు వచ్చే ఏడాదో అయిదేళ్ళ తర్వాతో ఎవరూ చెప్పలేరు గానీ, రాదని మాత్రం నేను చెప్పను. గీత పడిన గోడ తిరిగి నున్నబడదు. ఇంజన్ బాగు చేయించుకోవడానికి సిద్ధపడి కొనేవాళ్ళు ఉంటారు, వాళ్ళు ఆ కారు శరీరానికి, లోపలి భాగాలకు విలువ కట్టి దీనికంటే చాలా తక్కువకు అడుగుతారు. 30,000 దాటి పెట్టలేనన్న మీకు ఆ కారు తగదు. ఆయన మంచితనాన్ని బట్టి కాదు, సిలిండర్‌ను బట్టి నిర్ణయించండి.

రెండో కారు కాగితాల మీద బాగుంది. సస్పెన్షన్ చేతులకు 1,500, ఆ వేరుచేసే భాగానికి 900 వేసుకున్నా 24,200 అవుతుంది. పన్ను కలిపినా మీ పరిధిలోనే ఉంటుంది, పైగా కొంత చేతిలో మిగులుతుంది. యజమానే లోపాలు ముందుగా చెప్పడం నాకు నచ్చింది. అయినా అదే తనిఖీ దానికీ చేయించాలి, ఎండ ప్రాంతంలో తిరిగినంత మాత్రాన చూడకుండా వదలకూడదు. న్యూజెర్సీ మిత్రుడు చెప్పిన 2009 మోడల్ మాట నిజమే. ఈ రెండోది కూడా తనిఖీలో నిలబడకపోతే ఆ దారే పట్టండి.

ప్రశ్న వేసిన వ్యక్తి నుంచి

పెద్దాయనకు ఫోన్ చేసి కొనలేనని చెప్పాను. బోర్‌స్కోప్ చిత్రాలు అడిగారు, పంపాను. వచ్చే శనివారం శాన్ ఆంటోనియో వెళ్తున్నాను. అక్కడ ఇలాంటి పని చేసే ఒక వర్క్‌షాపులో పదకొండు గంటలకు సమయం తీసుకున్నాను. నా భార్య కూడా వస్తానంది, మచ్చలు ఎదురుగా చూసిన తర్వాతే నిర్ణయిస్తుందట.

జవాబు (కేటీ నుంచి)

పదకొండుకు వర్క్‌షాపు అంటే యజమాని కారును నడిపి తీసుకొస్తారు, అప్పటికి ఇంజన్ వేడెక్కిపోతుంది. మీరు తొమ్మిదికల్లా ఆయన ఇంటికి చేరుకోండి. ఉదయం కారు కదపవద్దని శుక్రవారం రాత్రే ఫోన్ చేసి మర్యాదగా అడగండి. చల్లటి ఇంజన్‌ను మీ ఎదురుగా స్టార్ట్ చేయించి, వెనక నిలబడి వినండి. తర్వాత వర్క్‌షాపు దాకా మీరే నడపండి, రెండో గేరు సంగతి కూడా దారిలోనే తేలిపోతుంది. దించిన ఆయిల్ పారబోయకముందు ఒక చిన్న సీసాలో పట్టించుకుని ప్రయోగశాలకు పంపండి. ఇనుము, అల్యూమినియం, సిలికాన్ అంకెలు వచ్చాక 4, 5, 6 సిలిండర్ల చిత్రాలతో పాటు ఇక్కడ పెట్టండి, నేను చూసి చెబుతాను.